తూము గోడ మీద ఇద్దరం

మాది కాలవ చివర పేట. బెజవాడలో బ్యారేజీ దగ్గర వదిలిన కృష్ణ నీళ్ళు కంకిపాడు దాటి, పెద్ద కాలవలోంచి పిల్లకాలవలోకి తిరిగి, ఎగువూరి పొలాలన్నీ తడిపి, ఇంకా ఏమన్నా మిగిలితే మా మంచినీళ్ళ చెరువులో పడతాయి. మా పేటలో పంపు కొడితే వచ్చేది ఉప్పునీరు. గిన్నెలు తోముకోవడానికి పనికొస్తుంది కానీ ఆ నీళ్ళతో పప్పు ఉడకదు, అన్నం పచ్చగా అవుతుంది. అందుకని ఎండాకాలం కాలవలు కట్టేసే ముందు, తాగునీళ్ళ కోసమని ఆఖరిసారి వదిలినప్పుడు, చెరువు నింపుకుని తీరాలి. మళ్ళీ వానలు పడి కాలవ వదిలేదాకా తాగడానికీ వండుకోవడానికీ అవే నీళ్ళు. చెరువు నిండని ఏడు మా పేట ఆడవాళ్ళు ఎండాకాలమంతా ట్యాంకరు దారి చూస్తూ రోడ్డు మీదే బతుకుతారు.

మా ఇళ్ళవాళ్ళు చేపలు పడతారు, మేం అమ్ముతాం. నా గంప ఎప్పుడూ ఎగువూరికే వెళ్ళేది. ఎగువూరు వరి పండించే రైతుల ఊరు. వరి కోశాక ఆ చేలల్లోనే మొక్కజొన్న వేస్తారు. మేం చెరువు నింపుకోవాల్సిన రోజులూ, వాళ్ళ మొక్కజొన్న కండె పాలు పోసుకునే రోజులూ ఒకటే. అప్పుడు తడి అందకపోతే గింజ కట్టదు. వాళ్ళు పిల్లకాలవ గట్టు మీద వరసగా ఆయిల్ ఇంజన్లు పెట్టి తోడతారు. కింద మేం ఖాళీ చెరువు చూసుకుంటూ కూర్చుంటాం. వాళ్ళది దొంగతనమని మేం, మాది పనిలేని గోల అని వాళ్ళు.

ఒక ఏడు మా మగవాళ్ళు గడ్డపారలతో వెళ్ళి, మా వైపు నీళ్ళు వదిలే తూము షట్టరు తాళం పగలగొట్టారు. పోలీసులొచ్చారు. ఎగువూళ్ళో మా చేపలు కొనకూడదని కట్టుబాటు పెట్టారు. వానలు పడేదాకా నేను గంప నెత్తిన పెట్టుకుని బస్సెక్కి కంకిపాడు సంతకి వెళ్ళాల్సొచ్చింది. ఆ వేసవిలో మా పేట నోరెండింది, ఎగువూరు చేపల కూర లేకుండా గడిపింది. ఎవరికేం ఒరిగిందో నాకిప్పటికీ తెలీదు.

ఆ మరుసటేడు కాలవ కట్టే రోజులు రాగానే రెండూళ్ళ పెద్దలూ కూర్చుని ఒక ఏర్పాటు చేశారు. పొద్దుట పూట ఇంజన్లు నడుస్తాయి. మధ్యాహ్నం నుంచి ఇంజన్లన్నీ ఆగి నీళ్ళు మా చెరువుకి రావాలి. తూము దగ్గర రెండూళ్ళ నుంచీ చెరొకరు కాపలా ఉండాలి. మొదటి రోజు కాపలాకి వెళ్ళిన మగవాళ్ళిద్దరూ సాయంత్రానికి ఒకరి చొక్కా ఒకరు చింపుకుని వచ్చారు. అప్పుడు ఎగువూరి పెద్దాయనొకడు అన్నాడట, "ఆడాళ్ళని కూర్చోబెట్టండయ్యా. వాళ్ళయితే నోటితోనే కొట్టుకుంటారు, కుట్లు పడవు" అని.

అట్లా నేను తూము గోడెక్కాను. అటు నుంచి వచ్చినావిడని చూసి ఇవాళ్టికి ఇక అయిపోయాననుకున్నాను. ఎగువూళ్ళో నేను దాటుకుని పోవాలనుకునే గుమ్మం ఒకటుంటే అది ఆవిడదే. ప్రతి చేపకీ మొప్ప ఎత్తి చూస్తుంది, వాసన చూస్తుంది, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూస్తుంది, ఆఖరికి సగం ధర చెబుతుంది. పోనీలే అని నేను గంప ఎత్తుకుంటే "ఏమ్మా, అంత కోపమైతే ఎట్లా బతుకుతావు" అని వెనక్కి పిలుస్తుంది.

"నువ్వా?" అంది.

"నేనేనండి."

"ఇవాళ చేప లేదుగా, ఇంక ఏం బేరమాడతాం?" అని గోడ మీద ఆ చివర కూర్చుంది. నేను ఈ చివర కూర్చున్నాను. మధ్యలో షట్టరు.

అది మొదటి పూట. మధ్యాహ్నం ఇంజన్లు ఒక్కొక్కటే ఆగిపోతుంటే ఆవిడ వేళ్ళతో లెక్కపెట్టుకుంది, నేనూ లెక్కపెట్టాను. ఒకటి ఆగలేదు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ లేచి నిలబడి కేకేసింది. "ఒరేయ్, నీ చెవులకి వేరే చెప్పాలా, ఆపు!" ఇంజన్ ఆగింది. ఆ మనిషి ఆవిడకి వరసకి అల్లుడవుతాడట. మర్నాడు తన స్టీలు క్యారేజీలోంచి మజ్జిగ ఒక గ్లాసులో పోసి గోడ మీద నా వైపు జరిపింది. నేను తాగాను. అంతకుముందు వాళ్ళ ఊళ్ళో నేను మంచినీళ్ళడిగితే దోసిట్లో పోసేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకీ గుర్తుండే ఉంటుంది. నేను గ్లాసు కడిగి ఇస్తే, చూడనట్టు క్యారేజీలో పెట్టేసుకుంది.

తూము గోడకి తెల్ల సున్నం మీద నల్ల రంగుతో ఏదో రాసి ఉండేది. అదేంటని ఒకసారి అడిగాను.

"మీ పేట పేరే. పక్కన మా ఊరి పేరు. చదువుకోలేదా?"

"మా చిన్నప్పుడు ఆడపిల్లని చేపలమ్మే చోటికి పంపారు గానీ బడికి పంపలేదండి."

ఆవిడ మజ్జిగ గ్లాసులో మిగిలిన నీళ్ళలో వేలు ముంచి, గోడ మీద మా పేట పేరులో మొదటి అక్షరం రాసింది. నన్ను రాయమంది. వేలు కదపబోతే ఎండకి అక్షరం సగం ఆరిపోయింది. "తొందరగా రాయి, ఎండ నీకోసం ఆగదు" అంది. నాకు నవ్వొచ్చింది. అంత వయసొచ్చాక నాకు అక్షరం దిద్దించింది ఆవిడ. పెద్ద బడేం కాదు. కాపలా ఉన్నన్నాళ్ళు అక్కడ, ఆ తర్వాత ఎండాకాలమంతా ఆవిడ వాకిట్లో చేపలు తోముతూ కొంచెం కొంచెంగా. ఇప్పుడు బెజవాడ భవానీపురంలో మా అమ్మాయి ఇంట్లో ఉండి ఇది రాస్తున్నాను. వంటింట్లో కుళాయి తిప్పితే కృష్ణ నీళ్ళు వస్తాయి. ఆ చప్పుడు వింటే నాకిప్పటికీ లేచి కట్టేయాలనిపిస్తుంది. మా అమ్మాయి నవ్వుతుంది.

ఒక పూట ఆవిడ విసురుకోవడానికని పేపరు తెచ్చింది. ఉక్కకి నాలుగుసార్లు విసురుకుని, విప్పి చదవడం మొదలుపెట్టింది.

"చూడు, ఎక్కడో ఇజ్రాయెల్, పాలస్తీనా అంట. అక్కడా నీళ్ళ తగువే."

"కాలవలున్నాయాండి అక్కడ?"

"కాలవలు కాదు, కొండల కింద ఊట. రెండు వైపుల వాళ్ళకీ అదే దిక్కంట. ఒక ఊళ్ళో తోటలకి కూడా నీళ్ళు పెట్టుకుంటారు. ఆ పక్కూళ్ళో మేడల మీద నల్ల ట్యాంకులు పెట్టుకుని ఎప్పుడొదులుతారా అని చూస్తుంటారంట."

"బావి తవ్వుకోవచ్చు కదండీ?"

"తవ్వాలన్నా అవతలి వాళ్ళు సరే అనాలంట."

"మరి వాళ్ళకి లస్కరు ఎవరండీ?" అన్నాను. లస్కరంటే కాలవ షట్టర్లు ఎత్తి దించే ప్రభుత్వ మనిషి. మాకు తెలిసిన న్యాయమూర్తి ఆయనొక్కడే.

"లస్కరూ ఒక వైపు వాళ్ళే అనుకుంటా" అంది. మా తూము షట్టరు చక్రం కూడా ఎగువూరి వైపే ఉంటుంది. తాళం చెవి వాళ్ళ ఊళ్ళోనే ఉండేది. ఆవిడ పేపరు దించి నా వంక చూసింది.

"మనదీ ఇంతేగా అనుకుంటున్నావు."

"నేనేమీ అనలేదండి."

"నువ్వనక్కర్లా, నీ మొహం అంటోంది." మళ్ళీ పేపరెత్తింది. "రెండు వైపులా కొంతమంది మాత్రం నీళ్ళ గురించి కూర్చుని మాట్లాడుకుంటూనే ఉన్నారంట."

"ఏం మాట్లాడుకుంటారోనండి."

"ఏముంది, మనలాగే. ఇవాళేం కూర వండావు అని మొదలుపెట్టుంటారు."

అక్కడివాళ్ళ తప్పొప్పులు నాకు తెలియవు. అంత దూరం సంగతి నేనేం చెబుతాను. కానీ పక్కవాడి చేలో నీళ్ళు తళతళలాడుతుంటే ఖాళీ బిందెతో నిలబడటం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఆ పూట ఆవిడకి కూడా కొంచెం తెలిసిందనుకున్నాను.

అంతా బాగానే నడుస్తోంది అనుకున్నప్పుడు గొడవొచ్చింది. మధ్యాహ్నం ఇంజన్లు ఆగుతున్నాయి. తూములోంచి నీళ్ళు మా వైపు పోతున్నాయి, నా కళ్ళతో చూస్తున్నాను. మా చెరువులో మాత్రం మట్టం పెరగడం లేదు. అడుగున బురద తడిసి ఊరుకుంది. కాలవ కట్టేసే రోజు దగ్గరపడింది. ఆ మధ్యాహ్నం మా పేట మగవాళ్ళు కర్రలు పట్టుకుని గట్టు మీద వచ్చేశారు. ముందు మా మరిది.

"ఏమ్మా" అన్నాడు ఆవిడతో, "పగలు కాపలా ఉండి, చీకటి పడ్డాక ఇంజన్లు పెట్టుకుంటున్నారా?"

"మీ వదినని అడుగు. నాకంటే ముందొచ్చి నా తర్వాత పోతోంది."

"నీళ్ళు పోతూనే ఉన్నాయి, నేను చూశాను" అన్నాను.

"నీకేం, వాళ్ళ మజ్జిగ తాగి వాళ్ళ పాట పాడతావు" అన్నాడు.

నా మొహం మాడిపోయింది. ఈలోపు గొంతులు విని ఎగువూరి మగవాళ్ళూ చేలల్లోంచి వచ్చేశారు, వాళ్ళ చేతుల్లో పారలు. మధ్యలో మేం ఇద్దరం. ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"నీళ్ళు ఇక్కడ పోతున్నాయి, అక్కడ రావట్లేదు" అంది. "మధ్యలో భూమి మింగదుగా. పదండి, చూద్దాం." చెప్పులు చేత్తో పట్టుకుని గట్టెక్కి నడిచింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. నేను పక్కన నడిచాను. వెనక కర్రలూ పారలూ. దారి పొడుగునా రెండు వైపులా తిట్టుకుంటూనే ఉన్నారు, కానీ నడుస్తూ తిట్టుకుంటే కొట్టుకోవడం కష్టం.

మా పేటకి కాస్త ముందు, రోడ్డు కింద ఒక కల్వర్టు ఉంది. దాని దగ్గరికి వచ్చేసరికి నీళ్ళ చప్పుడు వినిపించింది. కల్వర్టు నోటికి గుర్రపుడెక్క పచ్చటి గోడలాగా అడ్డం పడి ఉంది, మీద ఊదారంగు పూలు. నీళ్ళు వెనక్కి తన్ని, గట్టు పొర్లి, పక్కనున్న మురుగు కాలవలోకి దూకుతున్నాయి. మా మంచినీళ్ళు మురుగులో కలిసి సముద్రానికి పోతున్నాయి.

మా వాళ్ళిద్దరు దిగి డెక్క పట్టుకుని లాగారు, రాలేదు. ఇంకా ఇద్దరు దిగారు. గట్టిగా లాగితే డెక్కతో పాటు వెదురు బద్దల బుట్ట ఒకటి పైకొచ్చింది. అందులో మట్టగిడసలు ఎగురుతున్నాయి.

మావు అది. చేపలు పట్టడానికి మేం అల్లుకునే బోను. దాని వెనక ఇంకొకటి. దాని పక్కన ఇంకొకటి. కల్వర్టు నోటికి ఈ చివర నుంచి ఆ చివరకి అన్నీ మావులే.

మా ఇళ్ళల్లో ఎవరి అల్లిక వాళ్ళది, చూడగానే తెలుస్తుంది. నేను చూశాను, మా మరిది చూశాడు, అందరూ ఎవరిది వాళ్ళు చూసుకున్నారు. కొత్త నీళ్ళు వస్తున్నాయంటే మా మగవాళ్ళ చేతులు ఊరుకోవు. నీళ్ళకి ఎదురు చేప వస్తుంది, చేపకి ఎదురు మావు పెట్టాలి, తండ్రుల నాటి అలవాటు. ఒక్క మావుతో ఏమైపోతుందిలే అని ప్రతి ఇంటివాడూ పక్కింటికి చెప్పకుండా తనది తెచ్చి పెట్టుకున్నాడు. కొట్టుకొచ్చిన డెక్క వాటికి తగులుకుని నిలిచిపోయింది. తాగే నీళ్ళకి మేమే అడ్డుకట్ట వేసుకున్నాం.

ఎగువూరి వాళ్ళలో ముందు ఒకడు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. "మంచినీళ్ళని వలేసి పట్టిన మొనగాళ్ళు!" అన్నాడొకడు. కుట్లు పడవని చెప్పిన పెద్దాయన పార మీద ఆనుకుని, "చేపల కంటే డెక్కే ఎక్కువ పట్టారే! అంత బాగా పట్టేవాళ్ళయితే మా వైపుకి కూడా రండ్రా. మా కాలవ నిండా డెక్కే, ఇంజన్ గొట్టాలకి అడ్డం పడి చస్తున్నాం" అన్నాడు.

మా మరిది అప్పటికే మెడ దాకా నీళ్ళల్లో, సిగ్గుతో ఎర్రబడి ఉన్నాడు. "పడతాం!" అని అరిచాడు. "మీ ఇంజన్ల దగ్గర నుంచి ఇక్కడి దాకా ఒక్క ఆకు లేకుండా పడతాం. పట్టిన రోజు పొద్దుట కూడా మీరు ఇంజన్లు ఆపుతారా?"

"ముందు పట్టి చూపించు!"

అది పందెంలాగా అనుకున్న మాట. ఒప్పందం అని ఎవరూ అనుకోలేదు. కానీ అంతమంది ముందు అనుకున్నారు, వెనక్కి తీసుకోవడానికి రెండు వైపులా మీసాలు అడ్డమొచ్చాయి.

మర్నాడు పొద్దున్నే మా వాళ్ళు పాత వలలన్నీ ఒకదానికొకటి కుట్టి తాళ్ళు కట్టారు. మా మగవాళ్ళు నీళ్ళల్లో, వల అడుగు తన్నిపట్టి. తాళ్ళు లాగడానికి రెండు గట్ల మీదా మనుషులు కావాలి. మా వాళ్ళు సరిపోలేదు. కాసేపు చూస్తూ నిలబడిన ఎగువూరి కుర్రాళ్ళు పంచెలు ఎగ్గట్టి తాడందుకున్నారు. "లాగు బావా లాగు" అని మా వాళ్ళు, "ఎవడ్రా నీకు బావ" అని వాళ్ళు. డెక్క గట్టెక్కి కుప్పలు పడింది. వెనకాల నీళ్ళు, అప్పటిదాకా నిద్రపోతున్నట్టున్నవి, లేచి నడవడం మొదలుపెట్టాయి. ఆ సాయంత్రం మా పిల్లలు చెరువు గట్టు మీదకి పరిగెత్తుకొచ్చి కేకలేశారు. మెట్ల మీదకి నీళ్ళొచ్చాయి.

అయినా కావలసినంత రాలేదు. మురుగులో పోయినవి పోయాయి. ఆఖరి రోజున లస్కరు వచ్చి పెద్ద కాలవ షట్టరు దించేశాడు. ఇంకేం వదలరు. పిల్లకాలవలో నిలిచిన నీళ్ళే మిగిలాయి. మా దగ్గర ఒక అలవాటుంది. కాలవ కట్టేశాక అందులో మిగిలిన నీళ్ళు ఎవరివీ కావు, ముందు తోడుకున్నవాడివి. ఇంజన్లున్నది వాళ్ళకి. ఏటా లస్కరు వీపు తిప్పగానే అన్ని ఇంజన్లూ ఒక్కసారిగా మొదలవుతాయి.

ఆ రోజూ గట్టు మీద ఇంజన్ల పక్కన మనుషులు నిలబడి ఉన్నారు. మా పేట వాళ్ళం అవతలి గట్టు మీద నిలబడ్డాం. లస్కరు షట్టరు దించడంతోనే కాపలా ఒప్పందం అయిపోయింది. అడగడానికి మాకు మాట లేదు. నేను నీళ్ళనే చూస్తున్నాను. అవి మా వైపే మెల్లగా జారుతున్నాయి.

అప్పుడు ఆవిడ వచ్చింది. చేతిలో క్యారేజీ, పేపరు. తిన్నగా వెళ్ళి తమ ఇంజన్ మీద, హ్యాండిల్ తిప్పే వైపు, కొంగు పరుచుకుని కూర్చుంది.

వాళ్ళాయన దగ్గరికెళ్ళాడు. "ఏంటే అది?"

"మోకాళ్ళ నొప్పి. కూర్చున్నాను."

"ఇంజన్ మీదా?"

"ఇంటి దగ్గర కుర్చీ విరిగింది, బాగుచేయించమని ఎన్నాళ్ళ నుంచీ అడుగుతున్నాను."

ఎవరో నవ్వారు. ఆయన గొంతు తగ్గించాడు. "మన మొక్కజొన్నకి ఇంకో తడి కావాలే."

"కావాలి. నాకూ తెలుసు, చేను నాది కూడా." పేపరు విప్పి విసురుకుంది. "పొద్దుట తడి పెట్టాం. డెక్క తీశారు కాబట్టి ఈసారి చివరి మడి దాకా పారింది, నువ్వే చెప్పావు. వాళ్ళ పొయ్యి మీద పప్పు ఉడకాలి. నువ్వు కావాలంటే పక్కవాళ్ళ ఇంజన్ అడుగు."

పక్క ఇంజన్ ఆవిడ వరస అల్లుడిది. అతను ఆవిడ వంక చూసి, హ్యాండిల్ తీసి భుజాన వేసుకుని ఇంటికి పోయాడు. ఆ పక్కవాడు కాసేపు తటపటాయించాడు. దూరంగా ఒకటి మొదలైంది. పెద్దాయన అటు తిరిగి ఏదో అంటే అదీ దగ్గి ఆగింది. సాయంత్రం దాకా ఆవిడ ఇంజన్ దిగలేదు. మా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే నేనేదైనా అంటానని భయమేమో. కాలవ అడుగు బురద కనపడేదాకా నీళ్ళన్నీ మా వైపే జారిపోయాయి.

చెరువు అంచు దాకా నిండలేదు. పైమెట్లు పొడిగానే ఉన్నాయి. పొదుపుగా వాడుకుంటే వానల దాకా వస్తాయని మా పెద్దలు అన్నారు, వచ్చాయి. ట్యాంకరు మొహం చూడలేదు. వాళ్ళ మొక్కజొన్న గట్ల వెంబడి కొంచెం వాడింది గానీ మిగతా చేనంతా గింజ కట్టింది. ఆ గట్టు చాళ్ళ గురించి ఆవిడ ఎండాకాలమంతా నన్ను సాధించింది. చేప బేరమాడినప్పుడల్లా "మీ చెరువులో మా మొక్కజొన్న ఉంది, గుర్తుపెట్టుకుని ధర చెప్పు" అనేది.

ఆ తర్వాత ఏడాది నుంచి కాలవ కట్టే ముందు డెక్క తీయడానికి రెండూళ్ళ వాళ్ళూ దిగుతున్నారు. పోట్లాటలు లేవని చెప్పను. ఎవరి తాడు తెగింది, ఎవరు ఆలస్యంగా వచ్చారు, టీ ఎవరు తెస్తారు అని ఇప్పటికీ నడుస్తూనే ఉంటాయి. కర్రలు మాత్రం ఎవరూ తేవడం లేదు. కల్వర్టు దగ్గర మావు కనపడితే మా పేటవాళ్ళే తీసి గట్టున పడేస్తారు. తూము తాళానికి రెండో చెవి చేయించి మా పేటకి ఇచ్చారు. అది ఇప్పించడానికి ఆవిడ వాళ్ళ వాళ్ళతో ఎంత పోట్లాడిందో నాకు వేరేవాళ్ళు చెప్పారు.

మేం కాపలా ఉన్న ఆ ఏడే, చెరువులో నీళ్ళు పడిన నాలుగైదు రోజులకి ఆవిడ మా పేటకి వచ్చింది. అంత దగ్గర ఊళ్ళో పుట్టి పెరిగి, మా పేట మొహం ఎప్పుడూ చూడలేదట. నేను చెరువు మెట్ల మీద బిందె ముంచుతున్నాను. ఎండలో నడిచి ఎర్రబడ్డ మొహంతో వచ్చి మెట్టు మీద కూలబడింది.

"దాహమేస్తోంది. నీళ్ళియ్యి."

"ఇంకా బురదగా ఉన్నాయండి. పటిక వేశాం, తేరుకోవాలి. ఇంట్లో కుండలో తేరినవి ఉన్నాయి, తెస్తానుండండి."

"నువ్వు వెళ్ళి తెచ్చేదాకా నేనిక్కడ ఎండలో మాడాలా? పద, మీ ఇంటికే వస్తాను" అని మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. "ఏం కూర వండావు?"